చేమ మడి నుంచి పగడపు దిబ్బ దాకా: పలౌ దీవుల్లో సాగు, వేట, కట్టడి

చేమకు నీరు కావాలి, కానీ నిలవ నీరు పనికిరాదు. కదలక వేడెక్కిన నీటిలో దుంప కుళ్ళిపోతుంది. అందుకే పలౌ దేశపు ఆడవాళ్ళు కొండ కింది పల్లంలో మడి కట్టేటప్పుడు వాగు నీటిని ఒక పక్క నుంచి లోపలికి మళ్ళించి, గట్ల మధ్య నెమ్మదిగా తిప్పి, మరో పక్క నుంచి కిందికి వదులుతారు. బురదను లోతుగా తిరగేసి, కోసి తెచ్చిన పచ్చి ఆకులను అందులో తొక్కి, ఆ పైన పిలకలు నాటుతారు. ఆ మడి పేరు మెసెయ్, దుంప పేరు కుకావ్. మన పెరళ్ళలో పెరిగే చేమ, అక్కడి కుకావ్ ఒకే జాతి మొక్క.

ఇదంతా పంట కోసం చేసే పనే. అయితే నీటి నడక మందగించిన చోట నీటిలోని మన్ను అడుక్కి దిగుతుంది. మడిలోకి వచ్చిన నీటికన్నా మడి దాటి పోయే నీరు తేరుకుని ఉంటుంది. మడి కింద మడ అడవి, ఆ కింద సముద్రం, సముద్రంలో పగడపు దిబ్బలు. అలాంటప్పుడు చేమ మడి దుంపలు పండించే పొలం మాత్రమేనా, చేపల వేటకు కూడా కాపలా కాస్తోందా అని అడగవలసి వస్తుంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నతో మొదలై, పలౌ ప్రజలు సాగుకూ వేటకూ పెట్టుకున్న కట్టడులు ఎక్కడ ఫలించాయో, అలా అనడానికి చేతిలో ఉన్న ఆధారం ఎంత గట్టిదో చూస్తుంది.

పలౌ పడమటి పసిఫిక్‌లో, ఫిలిప్పీన్స్‌కు తూర్పున ఉంది. నేలంతా కలిపినా సుమారు 460 చదరపు కిలోమీటర్లు. జనం 18 వేల దరిదాపు, వాళ్ళలో మూడింట రెండు వంతుల మంది కొరోర్ రాష్ట్రంలోనే ఉంటారు. స్పెయిన్, జర్మనీ, జపాన్, అమెరికా ఒకరి తర్వాత ఒకరు ఏలాక 1994 అక్టోబరు 1న స్వతంత్ర దేశమైంది. నేల ఇంత చిన్నదైనా ఆ దేశం హక్కులో ఉన్న సముద్రం సుమారు 6 లక్షల చదరపు కిలోమీటర్లు. బయటివాళ్ళు పలౌ గురించి రాసేటప్పుడు ఈ అంకె దగ్గరే మొదలుపెడతారు. నేను నేల మీద మొదలుపెట్టడానికి కారణం ఉంది. సముద్రానికి చేటు తెచ్చేవాటిలో కొన్ని కొండ మీదే పుడుతున్నాయి.

బబెల్దావోబ్ ఈ దేశంలోకెల్లా పెద్ద దీవి, అగ్నిపర్వతాల రాయి అరిగి ఏర్పడ్డ నేల. ఆ మన్ను ఎర్రగా, ఆమ్లంగా, ఇట్టే కోతకు గురయ్యేలా ఉంటుంది. ఏడాదికి మూడున్నర మీటర్లకు పైగా వాన. చెట్టూ గడ్డీ తీసేసిన వాలు మీద ఆ వాన పడితే వాగులు ఎర్రబడి పారతాయి. సముద్రంలో కలిసిన సన్నని మట్టిరేణువులు జిగట పదార్థంతో ముద్దలు కట్టి పగడాల మీద పేరుకుంటాయి. పగడం లోపల కాపురముండే నాచుకు వెలుతురు అందదు. పగడపు పిల్లలు కుదురుకోవడానికి శుభ్రమైన రాతి ముఖం దొరకదు. దీవి చుట్టూ సుమారు 85 కిలోమీటర్ల రోడ్డు వేసిన కాలంలో ఈ ఆందోళన బాగా పెరిగింది. ఆ రోడ్డు 2007 నాటికి పూర్తయింది. దానివల్ల ఊళ్ళకు వైద్యం, బడి, అంగడి దగ్గరయ్యాయి. దాని వెంట కొత్తగా తవ్విన వాలులూ వచ్చాయి.

2004లో అచ్చయిన ఒక పరిశోధన రెండు ఏటి మొగలను పోల్చి చూసింది. ఒకటి సాగూ కట్టడాలూ ఎక్కువైన ఙెరికీల్ ఏరు, మరొకటి అడవి పెద్దగా చెదరని ఙెర్దోర్చ్ ఏరు. ఏరు మోసుకొచ్చిన సన్నని మట్టిలో దాదాపు 30 శాతాన్ని మడ అడవులు పట్టి ఉంచుతున్నాయని తేలింది. అంటే మిగతా 70 శాతం మడను దాటే పోతోంది. మడ అడవి ఉంటే చాలు, దిబ్బలు క్షేమం అన్న ధీమాకు ఈ అంకె తావివ్వదు. మడ ఆపగలిగేది కొంతే, కాబట్టి అసలు ఆపవలసింది పైనే.

పైన ఏముంది? చేమ మళ్ళు ఉన్నాయి. 2013లో పలౌ పరిశోధకులు బబెల్దావోబ్‌లోని మళ్ళ దగ్గర లోపలికి వచ్చే నీటినీ బయటికి పోయే నీటినీ కొలిచి, మట్టిలో సగటున 90 శాతం దాకా మడిలోనే దిగిపోతోందని ప్రకటించారు. ఈ ఫలితం చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు. తరతరాలుగా ఆడవాళ్ళు నడుము వంచి చేసిన పని సముద్రానికి కూడా మేలు చేస్తూ వచ్చిందని ఒక కొలత చెబుతోంది. అలా సంతోషం కలిగించిన అంకెనే మరింత జాగ్రత్తగా పట్టి చూడాలి.

మొదటి సంగతి, 30నీ 90నీ పక్కపక్కన పెట్టి మడ కన్నా మడి మూడు రెట్లు మేలు అనడానికి లేదు. మొదటి అంకె ఒక ఏటి మొగ మొత్తానిది. రెండోది మడిలోకి మళ్ళిన నీటి మటుకే. వాగులో ఎంత భాగం మళ్ళలోకి మళ్ళుతుందో, ఎంత భాగం పక్కనుంచి నేరుగా మొగకు పోతుందో లెక్క కట్టకుండా మొత్తం మీద లాభం ఇంత అని చెప్పలేం. రెండో సంగతి, ఏడాది మట్టిలో పెద్ద వాటా కొద్ది రోజుల కుండపోతల్లోనే కొట్టుకొస్తుంది. గట్టు తెగిన రోజున మడి మట్టిని పట్టదు, తనలో ఉన్నదాన్ని కూడా వదులుకుంటుంది. మూడో సంగతి, పాడుబడిన మడి సాగులో ఉన్న మడిలా పని చేస్తుందని అనుకోకూడదు. గట్టు ఎప్పటికప్పుడు సరిచేసే మనిషి ఉన్నంతకాలమే ఆ 90 శాతం. ఇన్ని షరతుల తర్వాత కూడా నా అంచనా ఒకటే: సాగులో ఉన్న చేమ మడి దిబ్బలకు మేలు చేస్తోంది. దాని దిశ మీద అనుమానం లేదు. ఎంత మేలు అన్నదే ఇంకా తేలవలసి ఉంది.

ఇక వేట. పలౌ భాషలో బుల్ అనే మాట ఉంది. ఊరి పెద్దల మండలి ఒక చోటును గానీ ఒక జీవిని గానీ కొంతకాలం ఎవరూ ముట్టకూడదని ప్రకటించడం బుల్. ఈ మాటకు వెనక పోలీసు ఉండేవాడు కాదు, వంశాల మర్యాద ఉండేది. ఇక్కడ వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. పెద్దరికం మగవాడి చేతిలో ఉన్నా, ఆ పెద్దను ఎంచేది ఆ వంశపు పెద్ద ఆడవాళ్ళే. మడి ఆడవాళ్ళది, లోతు సముద్రంలో వేట మగవాళ్ళది అన్న పని విభజన కూడా దీనితో ముడిపడే ఉంది. కట్టడి అన్నది బయటి నుంచి వచ్చిన ఆలోచన కాదని చెప్పడానికి ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

ఆ కట్టడి వెనక ఉన్న జ్ఞానం సంగతి మాత్రం కాస్త ఆగి చెప్పుకోవాలి. రాబర్ట్ జొహానెస్ అనే సముద్ర జీవశాస్త్రవేత్త 1970ల్లో పలౌ వెళ్ళి, పడవల మీద వేటగాళ్ళ వెంట తిరిగి, వాళ్ళు చెప్పింది రాసుకున్నాడు. ఏ చేప ఏ నెలలో, వెన్నెల ఎన్నో నాటికి, ఏ కాలువ మొగలో గుంపు కట్టి గుడ్లు పెడుతుందో వాళ్ళు చెప్పగలిగారు. చంద్రుడి గతిని బట్టి గుడ్లు పెట్టే తినే చేపలు 55 రకాల దాకా ఉన్నాయని వాళ్ళ మాటల వల్ల తెలిసింది. ఆ నాటికి ప్రపంచంలోని శాస్త్ర పత్రికలన్నీ కలిపి ఎరిగిన రకాలు ఇందులో సగం కూడా లేవు. ఆయన 1981లో తెచ్చిన పుస్తకం తర్వాత వేటగాళ్ళను అడగడం పరిశోధనలో ఒక పద్ధతిగా నిలదొక్కుకుంది.

ఈ జ్ఞానానికి రెండు అంచులున్నాయి. గుంపు ఎక్కడ కడుతుందో తెలిసినవాడు దాన్ని కాపాడగలడు, ఒక్క రాత్రిలో ఊడ్చేయనూ గలడు. గుడ్ల కోసం గుంపు కట్టే గ్రూపర్ చేప విషయంలో రెండోది జరిగింది. మోటారు పడవ, మంచుపెట్టె, కొనే అంగడి మూడూ చేరేసరికి గుంపులు పలచబడ్డాయి. 1976లోనే ఙెరుమెకావోల్ కాలువలో ఆ కాలపు వేటను ఆపారు. 1994లో ఉత్తరాన ఙార్చెలోంగ్, కయాంగెల్ పెద్దలు ఎనిమిది కాలువల మీద ఏప్రిల్ నుంచి జులై దాకా బుల్ ప్రకటించారు. అదే ఏడు జాతీయ చట్టం గ్రూపర్‌లకు దేశమంతటా నిషేధ కాలం పెట్టింది. తర్వాత ఆ కాలాన్ని అక్టోబరు దాకా పొడిగించారు. 2006లో నెపోలియన్ రాస్‌నూ, నుదుటి మీద బొడిపె ఉండే పెద్ద చిలుక చేపనూ పట్టడం పూర్తిగా మానిపించారు. 2003లో రక్షిత ప్రాంతాల జాలం అన్న ఏర్పాటు వచ్చి, రాష్ట్రాల వారీగా మూసిన చోట్లను ఒక గొడుగు కిందికి తెచ్చింది. దీని ఖర్చుకు 2009 నుంచి విదేశీ సందర్శకుల దగ్గర హరిత రుసుము వసూలు చేశారు.

ఫలితం ఏమిటి? 2017లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం వేట మూసిన చోట్లనూ వాటి పక్కనే వేట సాగే చోట్లనూ పోల్చింది. జనం తినే, అమ్మే, ఆచారాల్లో వాడే చేపల మొత్తం బరువు మూసిన చోట దాదాపు రెండింతలు ఉంది. చేపలను తిని బతికే పెద్ద చేపల బరువైతే ఐదు రెట్లకు పైనే. జనం పట్టని చేపల్లో మాత్రం తేడా కనిపించలేదు. నా దృష్టిలో ఈ ఆఖరి ముక్కే అన్నిటికన్నా విలువైనది. మూసిన చోటు మొదటినుంచీ మంచి చోటు కావడం వల్లే చేప ఎక్కువుందేమో అన్న అనుమానం ఇలాంటి పోలికల్లో ఎప్పుడూ ఉంటుంది. చోటు మంచిదైతే అన్ని రకాల చేపలూ ఎక్కువ ఉండాలి. పట్టే చేపలే ఎక్కువ ఉన్నాయంటే, వేట ఆగడమే కారణమన్న మాట బలపడుతుంది. చోటు పెద్దదైన కొద్దీ, మూసిన ఏళ్ళు పెరిగిన కొద్దీ ఫలితం మెరుగైందని కూడా ఆ అధ్యయనం చెప్పింది. అయినా అది ఒకే చోటును ముందూ వెనకా కొలిచినది కాదు, వేర్వేరు వయసున్న చోట్లను పక్కపక్కన పెట్టి కాలాన్ని ఊహించినది. మూసిన చోటు నుంచి చేప బయటికి వచ్చి వేటగాడి వలలో పడుతోందా అన్న విషయాన్ని ఆ పరిశోధకులు ఒక అవకాశంగానే చెప్పారు, రుజువైనట్టు చెప్పలేదు.

అదే కాలంలో మరో పరిశోధన వేరే కథ చెప్పింది. వేటలో ఎక్కువగా దొరికే 15 రకాల్లో 12 రకాల చేపలను రెండేళ్ళపాటు పొడవు కొలిచి, కడుపు కోసి, గుడ్లు పెట్టే వయసుకు వచ్చిందా లేదా చూశారు. వేట అసలు లేకపోతే ఒక చేప తన జీవితంలో పెట్టగలిగే గుడ్లలో, వేట నడుస్తున్నప్పుడు ఎంత వంతు పెట్టగలుగుతోంది అన్నది ఇక్కడి కొలమానం. చాలా రకాల్లో అది 20 శాతం లోపే, పలు రకాల్లో 10 శాతం కూడా లేదు. 2015లో ఇది అచ్చయింది. పేరున్న రక్షిత ప్రాంతాలూ చట్టాలూ ఉన్న దేశంలోనే, వాటి బయట, చేప గుడ్డు పెట్టకముందే కుండలోకి వస్తోందన్నమాట. ఈ కొలతల పనిలో వేటగాళ్ళే పాల్గొన్నారు. వచ్చిన ఫలితం వాళ్ళ అనుభవానికి అర్థమయ్యేలా ఉండడంతో ఏం చేయాలన్న చర్చ ఊళ్ళలో మొదలైంది.

ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. మూసిన చోట చేప పెరుగుతోంది, తెరిచి ఉన్న చోట తరుగుతోంది. పట్టే చేతులు తగ్గకుండా పట్టే చోటు మాత్రం తగ్గితే, మిగిలిన చోటు మీద ఒత్తిడి పెరగడం వింత కాదు. పలౌలో ఆ ఒత్తిడికి సందర్శకుల వంతు కూడా ఉంది. 2015లో ఆ చిన్న దేశానికి లక్షన్నరకు పైగా సందర్శకులు వచ్చారు. అంటే ఒక్కో పౌరుడికి ఎనిమిది మంది అతిథులు. అతిథి వచ్చేది దిబ్బల మీది చేపను చూడడానికే, రాత్రి భోజనంలో అడిగేదీ ఆ చేపనే.

ఇక్కడికి వచ్చాకే 2015 చట్టం అర్థమవుతుంది. అప్పటి అధ్యక్షుడు టామీ రెమెంగెసావ్ జూనియర్ అక్టోబరులో సంతకం చేసిన జాతీయ సముద్ర అభయారణ్య చట్టం, దేశపు సముద్రంలో 80 శాతాన్ని వాణిజ్య వేటకు మూసింది. మిగిలిన 20 శాతాన్ని దేశీయ వేటకు ఉంచింది. 2020 జనవరి 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఆలోచన సూటిగానే ఉంది: విదేశీ పడవలు పోతే లోతు సముద్రపు ట్యూనా పలౌ వాళ్ళకు మిగులుతుంది, ఊరి అంగడిలో ట్యూనా దొరికితే దిబ్బల చేపకు కాస్త ఊపిరి సలుపుతుంది.

ఈ తర్కంలో ప్రతి మెట్టునూ తట్టి చూడాలి. ట్యూనా గీతలెరుగదు. పడమటి, నడిమి పసిఫిక్ ప్రపంచపు ట్యూనాలో సగానికి పైగా ఇస్తుంది. ఆ చేప వేల మైళ్ళు ఈదుతుంది. ఒక దేశం గేటు వేస్తే చేపల మొత్తం సంఖ్య పెరుగుతుందా అంటే పరిశోధకులు ఏకాభిప్రాయంతో లేరు. పసిఫిక్, హిందూ మహాసముద్రాల్లోని తొమ్మిది విశాల రక్షిత ప్రాంతాల అంచుల్లో ట్యూనా పడవలకు దొరికే చేప 12 నుంచి 18 శాతం పెరిగిందని 2024 నాటి ఒక అధ్యయనం చూపింది. దూరమైన కొద్దీ ఆ లాభం తగ్గింది. అంతకు ముందు ఏడాది, గణిత నమూనాలతో చేసిన మరో పని పెద్ద ప్రాంతాలను మూసినా ట్యూనా నిల్వల మీద ప్రభావం కొద్దిపాటిదేనంది. అంచు దగ్గర ఎక్కువ దొరకడం, మొత్తం ఎక్కువ కావడం రెండూ ఒకటి కావు. కాబట్టి రెండు అధ్యయనాలూ నిజమే కావచ్చు.

రెండో మెట్టు అంగడి. పొడవాటి గాలపు తాళ్ళతో ట్యూనా పట్టే విదేశీ లాంగ్‌లైన్ పడవలు కొరోర్ రేవులో దిగేటప్పుడు, ఎగుమతికి పనికిరాని ట్యూనా ఊరి అంగడికి వచ్చేది. ఆ పడవలు వెళ్ళిపోతే ఆ చేప కూడా వెళ్ళిపోతుంది. ఆ ఖాళీని నింపాలంటే పలౌ వాళ్ళకే లోతు సముద్రానికి వెళ్ళే పడవలు, మంచు, శిక్షణ, కొనేవాళ్ళు కావాలి. చట్టం గీసిన గీత ఒక రాత్రిలో అమలవుతుంది. పడవల దండు అలా తయారు కాదు.

మూడో మెట్టు దగ్గర పరిశోధకుడి చేతులు కట్టేసినట్టవుతుంది. అభయారణ్యం అమలైన మూడు నెలలకే కొవిడ్ వచ్చింది, విమానాలు ఆగాయి, సందర్శకులు దాదాపు సున్నాకు పడిపోయారు. దిబ్బల చేపను తినేవాళ్ళు తగ్గారు. జీతాలు పోయినవాళ్ళు మళ్ళీ వలా మడీ పట్టుకోవలసి వచ్చింది. కొనే శక్తి మారింది. ఇన్ని ఒకేసారి మారిన చోట, 2020 తర్వాత దిబ్బల మీద కనిపించే ఏ మార్పునైనా అభయారణ్యం ఖాతాలో వేయడం గానీ, దాని మీద నేరంగా మోపడం గానీ న్యాయం కాదు. ఈ చట్టాన్ని పొగిడేవాళ్ళూ తెగిడేవాళ్ళూ ఇద్దరూ ఈ విషయాన్ని తేలిగ్గా దాటేస్తున్నారని నాకు అనిపిస్తుంది. 2021లో పదవిలోకి వచ్చిన సురాంగెల్ విప్స్ జూనియర్ ప్రభుత్వం మూసిన భాగాన్ని తగ్గించే ప్రతిపాదన తెచ్చింది. ఆదాయం, ఆహారం అన్న రెండు వాదాలూ అందులో ఉన్నాయి. ఆ వాదాలు కొట్టివేయదగ్గవి కావు. అలాగని కొలతకు సరైన వ్యవధి ఇవ్వకుండానే గీత చెరిపేస్తే, అది పనిచేసిందో లేదో ఎప్పటికీ తెలియకుండా పోతుంది.

నేను మళ్ళీ మడి దగ్గరకు వస్తాను. ఈ చర్చలో అందరూ మరిచేది అదే. పలౌ తినే తిండిలో చాలా భాగం ఓడల్లో వస్తుంది: బియ్యం, డబ్బా మాంసం, కోడి. ఉద్యోగాలు కొరోర్‌లో ఉన్నాయి, మళ్ళు బబెల్దావోబ్ ఊళ్ళలో ఉన్నాయి. చేమ నాటిన దగ్గర్నుంచి తవ్వేదాకా నెలల తరబడి బురదలో దిగే ఓపిక ఉండాలి. వయసు మళ్ళిన ఆడవాళ్ళు ఆ పని మానేస్తే, జీతానికి వెళ్ళే కూతుళ్ళు దాన్ని అందుకోవడం కష్టం. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. చేమకు వచ్చే ధర ఆ శ్రమను మోయదు. అది ఆపే మట్టికి ఎవరూ ధర కట్టరు. సందర్శకుల రుసుములో రక్షిత ప్రాంతాల కాపలాకు వాటా ఉంది. ఆ కాపలాలో మడికి కూడా చోటిచ్చి, సాగులో ఉంచినవాళ్ళకు ఎంతో కొంత ముట్టజెప్పాలన్నది నా అభిప్రాయం. 90 శాతం అన్న అంకెను నేను పైన అంతగా తరిచి చూసినా ఈ మాట అనడానికి వెనకాడను. అది 60 అని తేలినా, 40 అని తేలినా, తిండి కూడా పెట్టే వడపోత మరొకటి ఆ దీవిలో లేదు.

ఆడవాళ్ళ చేతి పని మీద పడిన మరో దెబ్బ కూడా నమోదైంది. తీరం వెంట లోతు తక్కువ నీటిలో సముద్ర దోసకాయలు ఏరుకోవడం వాళ్ళ హక్కు, ఇంటి కూరకు ఆధారం. 2011లో కొన్ని నెలలపాటు వాటి ఎగుమతికి దారి తెరిచారు. ఆసియా కొనుగోలుదారుల కోసం ఎడాపెడా ఏరారు. తీరంలో తరుగు చూసి ఏడాది తిరక్కుండానే మళ్ళీ మూశారు. పారిపోలేని జీవి, దగ్గరి నీరు, దూరపు అంగడి కలిసినప్పుడు ఎంత వేగంగా ఖాళీ అవుతుందో చెప్పడానికి పలౌలో ఇంతకన్నా స్పష్టమైన సందర్భం నాకు కనిపించలేదు.

ఇప్పుడు మడికి వస్తున్న కొత్త ముప్పు సముద్రం వైపు నుంచే. పోటు ఎక్కువైన రోజుల్లో ఉప్పునీరు మడ దాటి పల్లపు మళ్ళలోకి ఎక్కుతోంది. 2012 డిసెంబరులో బోఫా, 2013 నవంబరులో హైయాన్ తుపాన్లు ఏడాది తేడాలో వచ్చి పడ్డాయి. రెండోది ఉత్తరాన ఉన్న కయాంగెల్ దీవిని అల్లకల్లోలం చేసింది. ఉప్పెక్కిన మడిలో చేమ ఆకు అంచు మాడుతుంది, దుంప ఊరదు. గట్టు ఎత్తు పెంచడం, ఉప్పుకు కొంత తట్టుకునే రకాలను వెతికి నాటడం, మెట్ట సాగుకు మారడం వంటివి పలౌ కమ్యూనిటీ కాలేజీ వ్యవసాయ విభాగమూ రైతులూ ప్రయత్నిస్తున్న దారులు. వీటిలో ఒకదాని దగ్గర నాకు గట్టి సందేహం ఉంది. మెట్టకు మారిన చేమ కడుపు నింపుతుంది, కానీ మెట్ట వాలు మన్నును పట్టదు, వదులుతుంది. బబెల్దావోబ్ ఎర్ర మన్ను మీద ఆ మార్పు జరిగితే కింది మొగలో నీరు ఎంత కలకబారుతుందో ముందే కొలిచి ఉంచుకోవాలి. మడి ఎండకముందే, అందులోకి వచ్చే నీటి దగ్గర ఒక సీసా, పోయే నీటి దగ్గర ఒక సీసా ముంచి చూడడంతో మొదలుపెట్టగల పని అది.